మైలేజీ తగ్గిందని మెమో వచ్చింది, ఏం రాయాలి? ఒక పాత ఈఎంటీ జవాబు

ప్రశ్న: అంబులెన్స్‌లో ఈఎంటీగా, అంటే పేషెంట్‌కి దారిలో అత్యవసర వైద్యం చేసే టెక్నీషియన్‌గా, చేరి ఎనిమిది నెలలైంది. పోయిన నెల మా బండి మైలేజీ తగ్గిందని పైలట్‌కీ (బండి డ్రైవర్‌కీ) నాకూ కలిపి మెమో ఇచ్చారు. ఎండలో పేషెంట్ కోసం ఏసీ వేసి ఇంజిన్ ఆన్‌లో ఉంచడం మా తప్పట. పేషెంట్‌ని అప్పజెప్పినట్టు ఆస్పత్రిలో సంతకం లేకుండా కదలొద్దంటారు, అరగంట దాటితే ఎందుకు ఆగారంటారు. కేసులు తక్కువైతే అదీ మా తప్పే. మా పై ఆఫీసర్ ఒక్కసారి కూడా బండెక్కలేదు. అన్నిచోట్లా ఇంతేనా అన్నా? మూడు రోజుల్లో జవాబివ్వాలి. ఏం రాయాలి? ఉద్యోగం మానేయాలా?

జవాబు:

తమ్ముడూ, ముందు నా సంగతి చెబుతాను. ఈ పనిలో పద్నాలుగేళ్లు ఉన్నాను. ఏడేళ్లు బండి వెనకాల ఈఎంటీగా, నాలుగేళ్లు కంట్రోల్ రూమ్‌లో షిఫ్ట్ ఇన్‌చార్జిగా, మిగతా మూడేళ్లు కొత్తవాళ్లకి ట్రైనింగ్ ఇస్తూ. ఏ రాష్ట్రం, ఏ సంస్థ అన్నది చెప్పను. మెమోలు తీసుకున్నాను, మెమోలు ఇచ్చాను కూడా. ఆ రెండోదాని గురించి కింద రాస్తాను, దాటేయను.

నీ మైలేజీ మెమో సంగతి చదివి నవ్వొచ్చింది. మా రోజుల్లోనూ అదే మెమో. ఆ రూల్ ఎలా పుట్టిందో నాకు తెలుసు. ఒకచోట ఒక పైలట్ రాత్రిపూట ట్యాంకులోంచి డీజిల్ తీసి అమ్ముకుంటూ దొరికాడు. నిజంగానే దొరికాడు. అతన్ని పంపించేస్తే సరిపోయేది. కానీ పై ఆఫీసులో ఒకాయన కాలిక్యులేటర్ తీశాడు. లీటరుకి ఇన్ని కిలోమీటర్లు రావాల్సిందే, రాకపోతే ఎవరో తాగేస్తున్నట్టే అని తేల్చాడు. నాలుగు లైన్ల హైవే మీద తిరిగే బండికీ, ఘాట్ రోడ్డు ఫస్ట్ గేర్‌లో ఎక్కే బండికీ అదే అంకె. పైగా మైలేజీ అంటే తిరిగిన దూరమే లెక్క. అంబులెన్స్ ఆగి ఉన్నప్పుడు కూడా పని చేస్తుందన్న సంగతి ఆ లెక్కలోకి రాదు. పేషెంట్‌ని ఎక్కించుకునేదాకా, ఆస్పత్రి గేటు ముందు బెడ్ కోసం ఎదురుచూసినంతసేపూ ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది. మీటరు మాత్రం కదలదు.

మే నెలలో ఒకసారి ఉపాధి హామీ పని దగ్గర ఒకావిడ పడిపోయింది. ఒళ్లు కాలిపోతోంది, పిలిస్తే తిన్నగా పలకట్లేదు. వడదెబ్బ. వడదెబ్బకి మొదటి వైద్యం ఒళ్లు చల్లబరచడమే. తడిగుడ్డ, గాలి, ఏసీ. అక్కడ ఏసీయే మందు. మా పైలట్ మంచివాడు, పేషెంట్ కోసం చొక్కా విప్పి కట్టు కట్టే రకం. బండి దిగుతూ అలవాటుగా చెయ్యి వెళ్లి ఏసీ స్విచ్ ఆపేసింది. "అన్నా, ఏసీ!" అని అరిచాను. వెంటనే వేశాడు. తర్వాత సిగ్గుపడుతూ చెప్పాడు, ఆ నెల మైలేజీ అప్పటికే తక్కువుందని. అతని బుర్రలోకి ఆ అంకె అంత లోతుగా దిగిపోయింది. నాకు కోపం వచ్చింది అతని మీద కాదు, కానీ ఎవరి మీద చూపించాలో కూడా తెలియలేదు.

ఇంకోటి నువ్వు రాయలేదు గానీ నీ బండిలోనూ ఉండే ఉంటుంది: పేషెంట్ దగ్గరికి చేరామని నొక్కే 'రీచ్‌డ్' బటన్. పట్టణంలో ఇన్ని నిమిషాలు, పల్లెలో ఇన్ని నిమిషాలు అని టార్గెట్ పెట్టగానే ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. ఊరి మలుపు తిరగ్గానే బటన్ నొక్కేస్తారు. ఊళ్లోకి వెళ్లి, ఇల్లు వెతికి, సందులో బండి పట్టక స్ట్రెచర్ మోసుకెళ్లడానికి ఇంకో పది నిమిషాలు. రిపోర్టులో మాత్రం అంతా పచ్చగా ఉంటుంది. పేషెంట్ ఇంటివాళ్లు "ఎంత లేటు చేశారయ్యా" అంటారు, మన రిపోర్టు "టైమ్‌కే వచ్చారు" అంటుంది. ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదని ఆఫీసులో కూర్చున్నవాళ్లకి అర్థం కాదు.

ఇది మన దగ్గరి రోగమే అనుకోకు. ఇంగ్లండ్‌లో ప్రాణాపాయం ఉన్న కాల్స్‌లో 75 శాతానికి 8 నిమిషాల్లో చేరాలని రూల్ ఉండేది. 2006లో అక్కడి పరిశోధకులు ఆ లెక్కలు గీసి చూస్తే కొన్ని అంబులెన్స్ సర్వీసుల్లో సరిగ్గా 8 నిమిషాల దగ్గర ఒక పెద్ద గుట్ట లేచింది. ఎనిమిది నిమిషాల దగ్గర కుప్పలుగా కేసులు, ఎనిమిది దాటగానే ఒక్కసారిగా పడిపోయాయి. మనుషుల జబ్బులు అలా గడియారం చూసి రావు. టైములు దిద్దారన్నమాట. ఇంకో వేషం కూడా వేశారు. ఒక్క మనిషిని కారులో గబగబా పంపించి గడియారం ఆపేసేవాళ్లు. పేషెంట్‌ని తీసుకెళ్లే అసలు అంబులెన్స్ ఆ తర్వాత ఎప్పుడో వచ్చేది. పక్షవాతం వచ్చిన పేషెంట్‌కి కావలసింది స్కానింగ్ ఉన్న ఆస్పత్రి. ఇంటి ముందు కారు ఆగితే అతనికి ఒరిగేది ఏముంది? టార్గెట్ మాత్రం కొట్టేసినట్టే.

వాళ్లు చివరికి 2017లో ఆ పద్ధతి మార్చారు. గుండె ఆగిపోయిన కేసుల్లాంటివాటికి సగటున 7 నిమిషాలు పెట్టి, మిగతా వాటికి వేరే లెక్కలు పెట్టారు. నాకు అందులో బాగా నచ్చింది ఇంకోటి. మరీ ప్రాణాపాయం కాని కాల్స్‌లో అసలు ఏం జరిగిందో కనుక్కోవడానికి కాల్ తీసుకునేవాళ్లకి 240 సెకన్ల దాకా టైమిచ్చారు. కనుక్కుని సరైన బండిని పంపడం, కనుక్కోకుండా ఏదో ఒకటి పరిగెత్తించడం కంటే మంచిదని వాళ్లకి తెలిసివచ్చింది. తెలిసిరావడానికి చాలా ఏళ్లు పట్టింది, అది వేరే సంగతి.

కేసులు తక్కువైతే మెమో అన్నావు. దీనంత వింత రూల్ నేను ఇంకోటి చూడలేదు. ఎమర్జెన్సీ సర్వీసుకి ఎమర్జెన్సీలు తక్కువయ్యాయని సంజాయిషీ అడగడం! మా ఊళ్లో రోడ్డు బాగుచేశారు, యాక్సిడెంట్లు తగ్గాయి, అందుకు నా జీతం కోస్తారా? ఒక రివ్యూ మీటింగ్‌లో ఒకాయన నిజంగానే అన్నాడు, "ఊళ్లలోకి వెళ్లండి, ఆశా కార్యకర్తలతో మాట్లాడండి, కేసులు రప్పించండి" అని. రప్పించాం. బీపీ చూపించుకోవాలన్న ముసలాయన చేత ఫోన్ చేయించి, ఎక్కించుకుని, పీహెచ్‌సీలో దింపి, మళ్లీ ఇంటిదగ్గర వదిలిన బండ్లు నాకు తెలుసు. ముసలాయనకి సంతోషమే. అదే టైమ్‌లో పక్క మండలంలో పురిటినొప్పుల కేసుకి బండి లేక దూరం నుంచి ఇంకో బండి వస్తే? అది ఏ రిపోర్టులోనూ "తప్పుడు కేసు వల్ల ఆలస్యం" అని పడదు. "దగ్గరి బండి బిజీ" అని పడుతుంది.

ఈ ఒత్తిడి ఎక్కడి నుంచి వస్తుందో కూడా చెప్పాలి, లేకపోతే మీ ఆఫీసర్‌ని రాక్షసుడనుకుంటావు. చాలా రాష్ట్రాల్లో అంబులెన్స్ సర్వీసు ప్రభుత్వం సొంతంగా నడపదు, కాంట్రాక్టుకిస్తుంది. కాంట్రాక్టులో షరతులుంటాయి. బండి ఇన్ని రోజులకి మించి తిరగకుండా ఆఫ్‌రోడ్ ఉంటే కోత, ఇన్ని నిమిషాలు దాటితే కోత, అలాగ. ఆ కోత సంస్థ మీద పడితే సంస్థ జిల్లా మీద వేస్తుంది, జిల్లా మీ ఆఫీసర్ మీద, ఆయన మీ మీద. ఆయన టేబుల్ మీద ఉండేది ఎక్సెల్ షీట్. అందులో నీ వడదెబ్బ పేషెంట్ ఉండదు, 'ఐడిల్ టైమ్' (బండి ఊరికే ఆగి ఉన్న సమయం) అనే గడి ఉంటుంది. ఒక్కసారి కూడా బండెక్కనివాడికి ఆ గడి తప్ప ఇంకేం కనిపిస్తుంది? కొందరు లాజిస్టిక్స్ నుంచి వస్తారు, కొందరు కాల్ సెంటర్ల నుంచి. పార్సెల్ డెలివరీకి పనికొచ్చే లెక్కలే ఇక్కడికి మోసుకొస్తారు. వాళ్లలో మంచివాళ్లూ ఉన్నారు. నాకు తెలిసిన ఒకాయన చేరిన మొదటి నెలంతా రాత్రి షిఫ్టుల్లో బండి వెనక సీట్లో కూర్చున్నాడు, వాంతి శుభ్రం చేశాడు. ఆయన జిల్లాలో పిచ్చి రూల్స్ తక్కువ. కాకతాళీయం అనుకోను.

ఇక సంతకం గొడవ. ఇది నవ్వులాట కాదు. పెద్ద ప్రభుత్వాస్పత్రి, రాత్రి రెండు. బెడ్ లేదు. పేషెంట్‌ని మన స్ట్రెచర్ మీదే ఉంచేస్తారు. సిస్టర్ నాలుగు బెడ్ల మధ్య పరిగెడుతూ ఉంటుంది, నీ కాగితం మీద సంతకం పెట్టే తీరిక లేదు. స్ట్రెచర్ లేకుండా నువ్వు కదల్లేవు, సంతకం లేకుండా కదలకూడదు, అరగంట దాటితే ఎందుకు ఆగావంటారు. మూడు రూల్స్ మూడు టేబుళ్ల మీద పుట్టాయి. సంతకం రూల్ పేషెంట్‌ని గేటు దగ్గర దింపేసి పారిపోకుండా పెట్టింది, అది సరైనదే. అరగంట రూల్ బండి ఖాళీగా పడి ఉండకూడదని పెట్టింది, అదీ విడిగా చూస్తే తప్పు కాదు. రెండూ ఒకే మనిషి నెత్తిన ఒకే రాత్రి పడతాయని వాటిని రాసినవాళ్లెవరూ ఆలోచించలేదు.

నువ్వు ఇలాంటప్పుడు ఏం చేస్తున్నావో నాకు తెలియదు. నేను మొదట్లో చేసింది చెబుతాను: గొడవపడేవాణ్ని. సిస్టర్‌తో గొడవ, కంట్రోల్ రూమ్‌తో గొడవ. లాభం లేకపోయింది. తర్వాత ఒక సీనియర్ ఒక మాట చెప్పాడు, ఈ పనిలో నేను నేర్చుకున్న అన్నిటికంటే పనికొచ్చింది అదే. "రికార్డయ్యే లైన్‌లో అడుగు." నీ సెల్ నుంచి ఇన్‌చార్జి సెల్‌కి చేస్తే అది గాల్లో కలిసిపోతుంది. కంట్రోల్ రూమ్ లైన్‌కి చెయ్యి, అది రికార్డవుతుంది. నెమ్మదిగా చెప్పు: "సర్, ఇన్సిడెంట్ ఐడీ (కేసు నంబరు) ఇది. టైమ్ 2.10. పేషెంట్ మా స్ట్రెచర్ మీదే ఉన్నారు, బెడ్ లేదన్నారు, సంతకం కాలేదు. సంతకం లేకుండా బయలుదేరమంటారా, ఆగమంటారా?" అంతే. ఇప్పుడు నిర్ణయం వాళ్లది. బయలుదేరమని ఎవరూ అనరు, ఆగమనే అంటారు. ఆ మాట రికార్డులో ఉంటుంది. అరగంట మెమో వస్తే జవాబు ఒక్క వాక్యం. పై నుంచి వచ్చే రెండు రూల్స్ కొట్టుకుంటే మధ్యలో నువ్వు తీర్పు చెప్పకు. వాళ్ల చేతే చెప్పించు.

ఆస్పత్రి "పోలీసు కేసు, మేం తీసుకోం" అంటే మాత్రం ఆగొద్దు. 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది, పోలీసు తతంగం కోసం వైద్యం ఆపకూడదని. ప్రభుత్వ డాక్టరైనా, ప్రైవేటు డాక్టరైనా ముందు ప్రాణం కాపాడాల్సిందే. ఆ కేసు పేరు చెబితే చాలాసార్లు తలుపు తెరుచుకుంటుంది. నేను మూడుసార్లు వాడాను.

"రూల్ ఒప్పుకోదు" అన్న మాట ఎంత దూరం వెళ్తుందో రెండు కేసులు ట్రైనింగ్‌లో కొత్తవాళ్లకి చెప్పేవాణ్ని. మొదటిది స్కాట్లండ్‌లోని ఎయిర్‌షైర్. 2008 జులైలో అర్ధరాత్రి ఒక మహిళ పాడుబడ్డ గని గోతిలో పడిపోయింది. ఫైర్ సిబ్బంది వచ్చారు. ఒకతను తాడుతో దిగి ఆవిడ పక్కన చేరాడు, ఆవిడ మాట్లాడుతోంది. పైకి లాగడానికి వించ్ (తాడు చుట్టి లాగే యంత్రం) ఉంది. కానీ అంతకు కొన్ని నెలల ముందే ఒక మెమో వచ్చింది: ఆ వించ్ మన సిబ్బందిని కాపాడుకోవడానికే, జనానికి వాడకూడదు అని. పై ఆఫీసర్ వచ్చి ఆపేశాడు. పోలీసుల పర్వత రక్షణ దళం వచ్చేదాకా ఆగమన్నాడు. ఆవిడ గోతిలో ఆరు గంటలుంది. పైకి తెచ్చిన కాసేపటికే గుండె ఆగి చనిపోయింది. 2011లో విచారణ జరిపిన న్యాయాధికారి ఆ అధికారులు రూల్‌ని మతంలా పట్టుకున్నారన్న అర్థంలో రాశాడు.

రెండోది కాలిఫోర్నియాలో అలమీడా. 2011 మే నెల. ఒకతను చనిపోదామని సముద్రంలోకి నడిచి, మెడలోతు నీళ్లలో దాదాపు గంట నిలబడ్డాడు. ఒడ్డున ఫైర్ సిబ్బంది, పోలీసులు. ఒక్కరూ దిగలేదు. డబ్బుల్లేక రెండేళ్ల ముందే నీటి రక్షణ ట్రైనింగ్ ఆపేశారు, ట్రైనింగ్ లేనివాళ్లు నీళ్లలోకి దిగకూడదని రూల్ ఉంది. చివరికి శవాన్ని ఒడ్డుకి తెచ్చింది అక్కడ చూస్తున్న ఒక మామూలు మనిషి. ఆ తర్వాత రూల్ మార్చారు.

ఈ కథ చెప్పినప్పుడల్లా కొత్తవాళ్లు "వాళ్లకి మనసు లేదా సార్" అంటారు. నాకైతే అలా అనిపించదు. మునిగేవాణ్ని కాపాడబోయి కాపాడేవాళ్లే మునగడం మన చెరువుల్లో, క్వారీల్లో ప్రతి వేసవిలో చూస్తున్నాం. ట్రైనింగ్ లేకుండా దిగొద్దనడం మంచి రూలే. కానీ ట్రైనింగ్ తీసేసి రూల్ మాత్రం ఉంచేశారు చూడు, దొంగాట అక్కడుంది. ఖర్చు తగ్గించుకున్నదాన్ని 'సేఫ్టీ' అని పేరు పెట్టి కాగితం మీద రాశారు. మన దగ్గర కూడా ఇలాంటి రూల్స్ చూస్తే సగం వెనక డబ్బులు లేకపోవడమే కనిపిస్తుంది. వాడిన గ్లోవ్స్ కవర్లు తిరిగిస్తేనే కొత్తవి ఇస్తాం అంటారు. ప్రసవం బండిలోనే అయితే చీకట్లో, రక్తంలో ఆ కవర్లు ఎక్కడ ఏరతాం? ఎక్స్‌పైర్ అయిన ఇంజెక్షన్లని ఆడిట్ అయ్యేదాకా పెట్టెలోనే ఉంచమంటారు, లెక్క సరిపోవాలని. మంచివాటి పక్కనే, అదే అరలో. నేను వాటికి ఎర్ర టేపు చుట్టి వేరే కవర్లో వేసి పైన పెద్దగా రాసేవాణ్ని. నువ్వూ అలాగే చెయ్యి, ఎవరినీ అడగక్కర్లేదు.

ఇప్పుడు నేనిచ్చిన మెమోల సంగతి.

కంట్రోల్ రూమ్‌లో ఇన్‌చార్జి అయిన కొత్తలో ఒకే వారంలో రెండు బండ్లు తప్పు ఊరికి వెళ్లాయి. మన జిల్లాల్లో ఎన్ని కొత్తపల్లులు, ఎన్ని రామాపురాలు ఉన్నాయో నీకు తెలుసు. ఒక రామాపురానికి వెళ్లాల్సిన బండి ముప్పై కిలోమీటర్ల అవతలి రామాపురానికి వెళ్లింది. నాకు పైనుంచి చీవాట్లు. వెంటనే నేనో తెలివైన పని చేశాననుకున్నాను. ల్యాండ్‌మార్క్ (దగ్గర్లో ఉన్న గుర్తు) గడి నింపకుండా కాల్ ముందుకు కదలకుండా సాఫ్ట్‌వేర్‌లో పెట్టించాను. ల్యాండ్‌మార్క్ లేకుండా బండి పంపితే మెమో అని కూడా చెప్పాను. ఒక నెలంతా బాగానే నడిచింది. తప్పు ఊళ్లు ఆగిపోయాయి. మీటింగ్‌లో నన్ను మెచ్చుకున్నారు.

ఒక రాత్రి హైవే మీద నుంచి కాల్ వచ్చింది. వేరే రాష్ట్రం లారీ డ్రైవర్, హిందీ. క్లీనర్‌ని బండి కొట్టేసింది. అతనికి ఆ ప్రాంతం తెలియదు. చుట్టూ చీకటి. కాల్ తీసుకున్న అమ్మాయి గట్టిదే, పని తెలిసినదే. కానీ గడి నింపాలి. "దగ్గర్లో గుడి ఉందా? బడి ఉందా? పెట్రోల్ బంకు ఏమైనా కనిపిస్తోందా?" మధ్యలో అతను ఏడుస్తున్నాడు. నాలుగు నిమిషాలు. తర్వాత రికార్డింగ్ విన్నాను. ఆఖరికి ఆ అమ్మాయి ఆ గడిలో ఏవో అక్షరాలు కొట్టేసి బండి పంపింది. టోల్ గేటు ఎంతసేపటి కింద దాటావని అడిగి, ఆ లెక్కన పైలట్‌కి దారి చెప్పింది. బండి వెళ్లేసరికి అతన్ని ఎవరో కారులో వేసుకెళ్లిపోయారు. బతికాడో లేదో మాకు తెలియలేదు. మర్నాడు పొద్దున నా సిస్టమ్ ఒక రిపోర్టు ఇచ్చింది: "ల్యాండ్‌మార్క్ గడిలో అర్థంలేని అక్షరాలు, ఒక కేసు." మెమో కాగితం కూడా ప్రింట్ అయి ఉంది, నా సంతకం కోసం. ఆ అమ్మాయి పేరు మీద.

సంతకం చేయలేదు. అంత మాత్రాన నేను మంచివాణ్ని అయిపోను, ఎందుకంటే అంతకుముందు నెలలో అలాంటివే ఏడెనిమిది చదవకుండా సంతకం పెట్టేశాను. వాటిలో ఏముందో ఇప్పటికీ వెనక్కి వెళ్లి చూడలేదు. తర్వాత ఆ గడిలో 'తెలియదు' అనే ఆప్షన్ పెట్టించాను. నింపకుండా వదిలేయడానికి లేదు, కానీ తెలియదని నొక్కి ముందుకెళ్లొచ్చు. తప్పు ఊళ్లు మళ్లీ పెరుగుతాయని భయపడ్డాను, పెద్దగా పెరగలేదు. నువ్వు ఎప్పుడైనా ఆ కుర్చీలో కూర్చుంటే, ఏ ఫారమ్ తయారు చేసినా ప్రతి తప్పనిసరి గడికీ 'తెలియదు' పెట్టు. అది లేకపోతే జనం అబద్ధాలతో నింపుతారు, ఆ అబద్ధాలే నీకు డేటాగా వస్తాయి.

అన్ని రూల్సూ చెత్తే అన్న మూడ్‌లోకి మాత్రం వెళ్లకు. మన వాళ్లలో అది ఎక్కువ. పిచ్చి రూల్స్ చూసి చూసి విసిగిపోయి, మంచి వాటిని కూడా ఆ గాటనే కట్టేస్తారు. షిఫ్ట్ మొదట్లో బండి చెకింగ్ విసుగే. నాలుగో ఏడాదిలో ఒకరోజు చూడకుండానే టిక్కులు పెట్టేశాను. ఆ రోజే ఆయాసం కేసు వచ్చింది. ఆక్సిజన్ సిలిండర్ నిండుగా ఉంది, తిప్పే కీ లేదు. ముందు షిఫ్ట్‌వాడు జేబులో వేసుకుని ఇంటికి వెళ్లిపోయాడు. పైలట్ టూల్స్‌లోంచి స్పానర్ తీసి తిప్పాం. ఆ రెండు నిమిషాలు నాకు ఇప్పటికీ కలలో వస్తాయి. బి-టైప్ సిలిండర్‌లో సుమారు 1500 లీటర్లు ఉంటుంది. నిమిషానికి పది లీటర్లు పెడితే రెండున్నర గంటలు. గేజ్ సగం చూపిస్తే గంటం పావు. నీ ఏరియా నుంచి పెద్దాస్పత్రికి గంటన్నర దూరమైతే సగం సిలిండర్‌తో బయలుదేరకూడదు, మీ స్టోర్‌వాళ్లు "పూర్తిగా ఖాళీ అయితేనే మారుస్తాం" అన్నా సరే. చెక్‌లిస్టూ, సీటుబెల్టూ, మందు ఇచ్చే ముందు కంట్రోల్ రూమ్ డాక్టర్‌ని అడగడమూ, గొడవ జరుగుతున్న చోట పోలీసులు వచ్చేదాకా ఆగడమూ విసుగైనా వదలొద్దు.

టైములు మాత్రం ఎప్పుడూ దిద్దకు. ఎవరు చెప్పినా సరే. "అందరూ ముందే నొక్కుతారు, నువ్వూ నొక్కు" అని ఇన్‌చార్జే అంటాడు. రేపు ఆ యాక్సిడెంట్ కేసు కోర్టుకి వెళ్తుంది. లాగ్‌లో 11.20కి చేరినట్టు, రోడ్డు మీద సీసీ కెమెరాలో 11.34కి వచ్చినట్టు ఉంటుంది. సమన్లు నీ పేరు మీద వస్తాయి, ఆ ఇన్‌చార్జి పేరు మీద రావు. అతను అప్పటికి వేరే జిల్లాలో ఉంటాడు. లేటు అయితే లేటు అని రాయి, కారణం రెండు మాటల్లో రాయి: రైల్వే గేటు, సంత, వాగు.

మెమో జవాబు. కోపంతో రాయొద్దు, కథ రాయొద్దు. 'అన్యాయం', 'వేధింపు' లాంటి మాటలు వద్దు, నిజమే అయినా. ఇలా రాయి: "పలానా తేదీ నుంచి పలానా తేదీ వరకు మా బండి ఇన్ని ట్రిప్పులు తిరిగింది. వాటిలో ఇన్ని ట్రిప్పుల్లో పేషెంట్ బండిలో ఉండగా ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఆగాల్సి వచ్చింది. ఇన్సిడెంట్ ఐడీలు, ఆగిన సమయం కింద ఇస్తున్నాం. పేషెంట్ బండిలో ఉన్నప్పుడు ఏసీ, ఇంజిన్ ఆపాలో వద్దో దయచేసి రాతపూర్వకంగా తెలియజేయగలరు." చివరి వాక్యమే ముఖ్యం. పేషెంట్ ఉండగా ఏసీ ఆపమని సంతకం పెట్టి రాసిచ్చే ఆఫీసర్ నాకు ఇంతవరకు తగల్లేదు. సాధారణంగా ఫైలు అక్కడితో మూసుకుంటుంది. నకలు తీసుకో, ఇచ్చినట్టు తేదీ వేయించుకో, అది కుదరకపోతే ఈమెయిల్ చెయ్యి. పైలట్‌తో కలిసి ఒకటే జవాబు ఇవ్వండి, విడివిడిగా వద్దు. ఇద్దరినీ విడదీసి ఒకరి మీదికి ఒకరిని తోయడం పాత ఆట.

జీతం కోస్తామంటే ఒకటి గుర్తుపెట్టుకో. జరిమానా వేసే ముందు నీ వాదన వినాలని చట్టంలో ఉంది, ఒక నెలలో వేసే మొత్తం జరిమానా ఆ నెల జీతంలో 3 శాతం దాటకూడదు. కాంట్రాక్టు ఉద్యోగి అయినా సరే. చాలామంది ఇన్‌చార్జిలకి ఇది తెలియదు, తెలిస్తే గొంతు మారుతుంది. సమ్మె దాకా వెళ్లే ముందు మీ యూనియన్‌లో పాతవాళ్లని అడగండి. అత్యవసర సర్వీసు కాబట్టి ఎస్మా, అంటే సమ్మెని నిషేధించే చట్టం, పెట్టే వీలుంది. మా దగ్గర సమ్మె కంటే పని చేసింది ఇంకోటి: ఒక నెలంతా అన్ని బండ్లవాళ్లూ ఆస్పత్రుల దగ్గర స్ట్రెచర్ ఎంతసేపు ఇరుక్కుపోయిందో ఒకే పద్ధతిలో రాసి, కలిపి ఒకే కాగితంగా జిల్లా ఆరోగ్య అధికారికి ఇచ్చాం. పైవాళ్లకి అంకెలంటే ఇష్టం కదా, మన అంకెలు మనం ఇచ్చాం. ఆ పెద్దాస్పత్రికి ఎనిమిది అదనపు స్ట్రెచర్లు వచ్చాయి. మైలేజీ రూల్ మారలేదు. అన్నీ మారవు.

ఉద్యోగం మానేయాలా అన్నావు. ఎనిమిది నెలలకే మానేయొద్దు. ఈ పనిలో చెయ్యి తిరగడానికి రెండేళ్లు పడుతుంది. రెండేళ్ల అనుభవం ఉన్న ఈఎంటీని ఆస్పత్రుల క్యాజువాలిటీల్లో, ఫ్యాక్టరీల ఫస్ట్ ఎయిడ్ సెంటర్లలో తీసుకుంటారు. అప్పుడు వెళ్లినా నీ ఇష్టంతో వెళ్తావు. కానీ ఒక్క విషయంలో ఆగొద్దు: ఎప్పుడైనా పేషెంట్‌ని చూసేటప్పుడు నీకు ముందు మైలేజీయో, గడియారమో గుర్తొచ్చి, ఆ తర్వాత పేషెంట్ గుర్తొస్తే, ఆ నెలే వేరే పని చూసుకో. నాకు ఏడో ఏడు చివర్లో అలా అయింది. అందుకే బండి దిగి కంట్రోల్ రూమ్‌కి వెళ్లాను. అక్కడికెళ్లి నేనేం చేశానో పైన చెప్పాను కదా.

జవాబు డ్రాఫ్ట్ రాసి, పేర్లు, బండి నంబరు తీసేసి ఇక్కడ పెట్టు. చూసి సరిచేస్తాను. మూడు రోజులన్నావు, నీ ప్రశ్న పెట్టి ఇప్పటికే ఒక రోజైపోయింది. లాగ్ షీట్లు మీ బేస్‌లోనే ఉంటే ఈ రాత్రి డ్యూటీలోనే ఫోటోలు తీసుకో, పేషెంట్ల పేర్లు పడకుండా.